కారు లేదు, వయసు 65 దాటింది: పిట్లం నుంచి పెద్దలు హాయిగా ఎక్కడికి వెళ్లి రావచ్చు?

పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది అవ్వ, తాత. చేతిలో పింఛనో, పంట డబ్బులో కాస్త ఉంటాయి, తీరిక ఉంటుంది. నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావాలని మనసూ ఉంటుంది. లేనిది కారు, దాన్ని నడిపే మనిషి. కామారెడ్డి జిల్లా పిట్లం మండలంలోనూ, చుట్టుపక్కల బాన్సువాడ, బిచ్కుంద, జుక్కల్, నిజాంసాగర్ మండలాల్లోనూ ఎన్నో ఇళ్ల పరిస్థితి ఇదే.

పెద్దల ప్రయాణం అనగానే చర్చ టికెట్ ధర చుట్టూ తిరుగుతుంది. ఎవరికి ఉచితం, ఎవరికి సగం, ఎవరికి రద్దు అన్నదే వార్త అవుతుంది. ధర ముఖ్యమే. కానీ 70 ఏళ్ల మనిషిని ఇంట్లో ఆపేసేది చాలాసార్లు ధర కాదు. బస్సు మెట్టు ఎత్తు, కూర్చోవడానికి సీటు, మధ్యలో బస్సు మారాల్సి రావడం, మరుగుదొడ్డి, చీకటి పడేలోపు తిరుగు బస్సు. ఈ అయిదూ కుదిరితే డబ్బులు పెట్టుకుని అయినా వెళ్తారు. కుదరకపోతే టికెట్ సున్నా అయినా గడప దాటరు. పిట్లం నుంచి ఏయే ఊళ్లు ఈ లెక్కకు సరిపోతాయి, ప్రజా రవాణాలో పెద్దలకు నిజంగా ఏమున్నాయి, ఏం లేవు అన్నది చూద్దాం.

పిట్లం ఎక్కడుంది, దాని వల్ల లాభనష్టాలేమిటి?

పిట్లం 161వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. సంగారెడ్డి దగ్గర మొదలై నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే దారి ఇది. అంటే ఒకవైపు హైదరాబాద్, ఇంకోవైపు నాందేడ్. నారాయణఖేడ్ మీదుగా పోతే కర్ణాటకలోని బీదర్. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. రోడ్డు పరంగా చూస్తే మారుమూల ఊరు కాదు.

రైలు పరంగా మాత్రం మారుమూలే. పిట్లంలోనూ, బాన్సువాడలోనూ రైల్వే స్టేషన్ లేదు. బోధన్ నుంచి బీదర్ వరకు రైలు మార్గం కావాలన్న డిమాండ్ ఏళ్ల నాటిది. ప్రస్తుతానికి రైలెక్కాలంటే ఎల్లారెడ్డి మీదుగా కామారెడ్డికో, బాన్సువాడ మీదుగా నిజామాబాద్‌కో వెళ్లాలి. కాబట్టి ఇక్కడి పెద్దలకు ఏ ప్రయాణమైనా బస్సుతోనే మొదలవుతుంది, బస్సుతోనే ముగుస్తుంది. దగ్గర్లోని ఆర్టీసీ డిపో బాన్సువాడలో ఉంది.

ఎవరికి ఏ రాయితీ ఉంది?

మహిళలకు: మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. తెలంగాణ వాసులైన మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతా ఉచితంగా తిరగవచ్చు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపితే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. జీరో టికెట్ అయినా అడిగి తీసుకుని దగ్గర ఉంచుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ, ఆపై బస్సులకు ఇది వర్తించదు. పక్క రాష్ట్రాలకు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మన సరిహద్దు వరకే ఉచితం, అక్కడి నుంచి చార్జీ కట్టాలి.

పెద్ద వయసు మగవారికి: మహాలక్ష్మి వర్తించదు. అందుకే దంపతులు కలిసి బయల్దేరితే ఆమెది సున్నా, ఆయనది పూర్తి టికెట్.

ఆంధ్రప్రదేశ్‌లో: ఏపీఎస్‌ఆర్టీసీ బస్సుల్లో 60 ఏళ్లు నిండినవారికి ఆడా మగా తేడా లేకుండా 25 శాతం రాయితీ ఉంది. వయసు తెలిపే గుర్తింపు కార్డు ఉంటే చాలు. హైదరాబాద్ నుంచి తిరుపతికో, శ్రీశైలానికో ఏపీ బస్సులో వెళ్లే తాతకు ఇది పనికొస్తుంది. అక్కడ 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం మాత్రం ఆ రాష్ట్ర మహిళలకే.

కర్ణాటకలో: 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కర్ణాటక వాసులైన మహిళలకే. బీదర్ ఎంత దగ్గరైనా మన అవ్వలకు అక్కడ ఉచితం ఉండదు.

మహారాష్ట్రలో: అక్కడి ఎస్టీ బస్సుల్లో 75 దాటినవారికి ఉచితం 2022లో, మహిళలకు సగం చార్జీ 2023లో వచ్చాయి. అవి ఆ రాష్ట్రం హద్దులోపలి ప్రయాణాలకు ఉద్దేశించినవి. మన మహాలక్ష్మిని దెగ్లూర్ దాటించి నాందేడ్ దాకా పొడిగించుకోలేం.

రైళ్లలో: 60 దాటిన మగవారికి 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం ఇచ్చే రాయితీని కరోనా వేళ 2020 మార్చి 20 నుంచి ఆపేశారు. ఆ తర్వాత తిరిగి ఇవ్వలేదు. పార్లమెంటులో ఎంపీలు పదేపదే అడుగుతున్నా, ప్రయాణికులందరి టికెట్ మీదా ఇప్పటికే సబ్సిడీ భరిస్తున్నామన్నదే రైల్వే శాఖ జవాబు.

ఉచితం ఉన్నచోట సీటు ఎందుకు దొరకదు?

పెద్దల విషయంలో మహాలక్ష్మికి ఒక చిక్కు ఉంది. దీని గురించి పెద్దగా మాట్లాడరు. ఉచితం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మాత్రమే. ఆ బస్సుల్లో సాధారణంగా ముందస్తు రిజర్వేషన్ ఉండదు. రద్దీ ఎక్కువ. మెట్లు ఎత్తు. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో సీటు ముందే బుక్ చేసుకోవచ్చు, కానీ అక్కడ పూర్తి డబ్బు కట్టాలి. అంటే 70 ఏళ్ల అవ్వ ముందు రెండు దారులున్నాయి: డబ్బు లేకుండా, సీటుకు హామీ లేకుండా వెళ్లడం, లేదా డబ్బు కట్టి సీటు సంపాదించుకోవడం. వయసులో ఉన్నవారికి ఇది పెద్ద సమస్య కాదు, నిలబడి అయినా పోతారు. మోకాళ్ల నొప్పులున్నవారికి గంటన్నర నిలబడటం అంటే ప్రయాణం మానుకోవడమే.

బస్సు ముందు వరుసల్లో వృద్ధులకు సీట్లు రాసి ఉంటాయి. నిండిన బస్సులో ఆ రాత ఎంతవరకు పనిచేస్తుందో ఎక్కిన ప్రతివారికీ తెలుసు. కాబట్టి రెండు జాగ్రత్తలు. ఒకటి, బస్సు ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఎక్కండి. మధ్య ఊళ్లో చేయెత్తి ఆపడం కంటే బాన్సువాడ లాంటి డిపో బస్టాండ్‌కు వెళ్లి ఖాళీ బస్సులో కూర్చోవడం నయం. అరగంట ముందు బయల్దేరాల్సి వచ్చినా ఆ అరగంట వృథా కాదు. రెండు, ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య బస్సులను వదిలేయండి. అవి కాలేజీ పిల్లలు, ఉద్యోగుల బస్సులు. పదిన్నరకు బయల్దేరి మధ్యాహ్నం మూడుకల్లా తిరుగు బస్సు ఎక్కేలా చూసుకుంటే సగం అలసట తప్పుతుంది.

ఊరు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

కిలోమీటర్లు కాదు, మార్పులు లెక్కపెట్టండి. వంద కిలోమీటర్లు ఒకే బస్సులో కూర్చుని వెళ్లడం కంటే యాభై కిలోమీటర్లలో మూడు బస్సులు మారడమే పెద్దవారిని ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది. ప్రతి మార్పుకూ దిగడం, సంచి మోయడం, ప్లాట్‌ఫాం వెతకడం, మళ్లీ ఎత్తు మెట్టు ఎక్కడం ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒక మార్పు దాటితే ఆ ఊరిని ఒక్కరోజు ప్రయాణాల జాబితాలోంచి తీసేయండి. రాత్రి బస చేసేలా వెళ్లండి.

బస్టాండ్ నుంచి చివరి కిలోమీటరు అడగండి. గుడి, చెరువు, కోట ఏదైనా బస్సు దిగాక ఎంత నడవాలి, ఆటో ఉంటుందా, ఆ ఆటో తిరిగి వస్తుందా? కారున్నవారికి కనిపించని ఖర్చు ఇక్కడే ఉంది. ఆటో ఎక్కేముందే రానూపోనూ కలిపి, ఆగే సమయం చెప్పి మాట్లాడుకోండి.

మెట్లెన్ని? కొండ గుడి అయితే పైదాకా వాహనం పోతుందా? పోయినా పైన క్యూలైన్‌లో ఎంతసేపు నిలబడాలి?

మరుగుదొడ్డి ఎక్కడ? చక్కెర జబ్బు ఉన్నవారికి, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవారికి ఇదే మొదటి ప్రశ్న. సిగ్గుపడి అడగక, నీళ్లు తాగడం మానేసి ప్రయాణం చేసే పెద్దలు ఎందరో. నీళ్లు మానడం ఎండలో ప్రమాదం.

చివరి బస్సు ఎప్పుడు? చివరి బస్సును కాదు, దానికి ముందు బస్సును మీ బస్సు అనుకోండి. అది తప్పినా ఇంకోటి ఉంటుంది.

దగ్గర్లో ఆసుపత్రి ఉందా? జిల్లా కేంద్రమో, ఏరియా ఆసుపత్రి ఉన్న పట్టణమో దగ్గరుంటే కుటుంబానికీ ధైర్యం.

ఒక్కరోజులో వెళ్లి రాగలిగేవి

నిజాంసాగర్: పక్క మండలమే. మంజీర నది మీద 1923లో పని మొదలుపెట్టి 1931 నాటికి పూర్తిచేసిన ప్రాజెక్టు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు దీనితో ముడిపడి ఉంది. ఈ ప్రాంతపు రైతుల్లో దీని నీళ్లు తెలియనివారు ఉండరు. కానీ పొలం నీటి కోసం కాకుండా ఊరికే కూర్చోవడానికి అక్కడికి వెళ్లిన పెద్దలు తక్కువే. వానాకాలం చివర, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కట్ట దగ్గర గాలికి కూర్చుంటే అంతకు మించిన విశ్రాంతి లేదు. దూరం తక్కువ, అలసట తక్కువ. లోటల్లా నీడ, కూర్చునే బల్లలు, మరుగుదొడ్లు, వేళకు తిరుగు బస్సు. అన్నం, నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లడం మేలు. గేట్లు ఎత్తిన రోజున జనం, వాహనాలు ముసురుతాయి. ఆ రోజు వెళ్లకండి.

తిమ్మాపూర్: బీర్కూర్ దగ్గర కొండ మీది వేంకటేశ్వరాలయం. చుట్టుపక్కలవారు తెలంగాణ తిరుమల అంటారు. బాన్సువాడ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవడం మంచిది. శనివారం, పండగ రోజులు వదిలేస్తే ప్రశాంతంగా ఉంటుంది.

మెదక్: ఎల్లారెడ్డి వైపు నుంచి వెళ్లొచ్చు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన చర్చి ఇక్కడి ప్రధాన ఆకర్షణ. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో జనానికి పని, అన్నం దొరికేలా దీన్ని కట్టించారని చెబుతారు. పెద్దలకు ఇది నచ్చడానికి కారణం ఆవరణ. విశాలంగా, చదునుగా ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, క్యూలైన్ ఉండదు. ఏ మతం వారైనా ప్రశాంతంగా కూర్చోవచ్చు. ఆదివారం ప్రార్థనలు, క్రిస్మస్ రోజులు రద్దీ. మెదక్‌కు 2022 సెప్టెంబర్‌లో అక్కన్నపేట నుంచి రైలు మార్గం కూడా వచ్చింది.

ఏడుపాయల: మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గా భవాని గుడి, మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో. నీళ్ల మధ్య గుడి చాలా అందం. కానీ పెద్దలకు కాలం చూసుకునే వెళ్లాలి. ఎగువ నుంచి నీళ్లు వదిలితే గుడి ముందుకు వరద వస్తుంది, దర్శనాలు ఆపేస్తారు. శివరాత్రి జాతరకు లక్షల మంది వస్తారు. నవంబర్ నుంచి జనవరి మధ్య మామూలు పనిదినం సరైనది.

ఒకటి రెండు రాత్రులు ఉండి రావడానికి

బాసర: నిర్మల్ జిల్లాలో గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి ఆలయం. మనవళ్ల అక్షరాభ్యాసానికే వెళ్తారు గానీ పెద్దలు తమ కోసం వెళ్లడానికీ అనువైన ఊరు. కారణం రైల్వే స్టేషన్ ఊళ్లోనే ఉండటం. సికింద్రాబాద్–మన్మాడ్ మార్గంలో కామారెడ్డి, నిజామాబాద్ తర్వాత వస్తుంది. కొండ ఎక్కే పని లేదు. వసంత పంచమి, నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు మాత్రం వద్దు. ఆ రెండు రోజులూ పిల్లల తల్లిదండ్రులతో నిండిపోతుంది. ఒక రాత్రి ఉంటే సాయంత్రం, పొద్దున రెండుపూటలా గోదావరి ఒడ్డున కూర్చోవచ్చు.

నాందేడ్: గురు గోవింద్ సింగ్ 1708లో దేహం విడిచిన చోటు. అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారాను మహారాజా రంజిత్ సింగ్ 1830లలో కట్టించారు. పిట్లం ముందునుంచి పోయే జాతీయ రహదారే నాందేడ్ వెళ్తుంది, రైలైతే బాసర తర్వాత అదే మార్గంలో వస్తుంది. యాత్రికులకు బస ఏర్పాట్లున్నాయి, లంగర్‌లో అందరికీ భోజనం ఉచితం. ఆవరణ చదును. లంగర్‌లో నేల మీద కూర్చుని తినాలి. మోకాళ్లు వంగనివారు అక్కడి సేవకులకు ముందే చెప్పాలి. తలకు బట్ట కప్పుకోవడం తప్పనిసరి కాబట్టి తువ్వాలో, పైటకొంగో సిద్ధంగా ఉంచుకోండి.

బీదర్: బహమనీ సుల్తానుల రాజధాని. కోట, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదర్సా, నానక్ ఝిరా గురుద్వారా మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి. వాతావరణం మన కంటే కాస్త చల్లన. గురుద్వారా దగ్గర నీటి ఊట, బస, భోజనం ఉన్నాయి కాబట్టి పెద్దలకు అదే విడిది. కోట పెద్దది, నడక ఎక్కువ. ఆటోలో చుట్టి చూడటమే మేలు. నరసింహ ఝిరా గుహాలయానికి మాత్రం నీళ్లలో మునిగి నడవాలి. గుండె జబ్బులు, తూలు ఉన్నవారు బయటి నుంచే దండం పెట్టుకోవడం మంచిది.

తిరుమల: విశ్రాంతి యాత్ర అనలేం, కానీ అడగని ఇల్లు లేదు. నిజామాబాద్–తిరుపతి రాయలసీమ ఎక్స్‌ప్రెస్ కామారెడ్డి మీదుగా పోతుంది. అంటే హైదరాబాద్‌లో దిగి స్టేషన్ మారే బాధ లేదు. 65 ఏళ్లు దాటినవారికి టీటీడీ ప్రత్యేక దర్శన టికెట్లు ఆన్‌లైన్‌లో ముందుగానే విడుదల చేస్తుంది. అవి దొరికిన తేదీని బట్టి రైలు టికెట్ చేయించుకోండి, రైలు చేయించుకుని దర్శనం కోసం చూడకండి.

యాదగిరిగుట్ట సంగతి వేరు. ఆలయం 2022 మార్చి 28న కొత్త రూపంలో తెరుచుకుంది, కొండపైకి బస్సులున్నాయి. పెద్దలకు అక్కడ ఇబ్బంది తక్కువ. ఇబ్బందంతా హైదరాబాద్ దాటడంలో ఉంది. పిట్లం వైపు నుంచి వచ్చే బస్సు నగరంలో ఒకచోట దింపుతుంది, గుట్ట బస్సు ఇంకోచోట దొరుకుతుంది. మధ్యలో ఆ గంటన్నరే అందరినీ అలసిపోయేలా చేస్తుంది. నగరంలో బంధువుల ఇంట్లో ఒక రాత్రి ఆగి వెళ్లడమే దీనికి మార్గం.

రైలు టికెట్‌లో కింది బెర్త్ ఎలా?

చార్జీ రాయితీ పోయినా ఒక సౌకర్యం మిగిలే ఉంది. ప్రతి స్లీపర్ బోగీలో 6 నుంచి 7, థర్డ్ ఏసీలో 4 నుంచి 5, సెకండ్ ఏసీలో 3 నుంచి 4 కింది బెర్తులు సీనియర్ సిటిజన్లకు, 45 దాటిన మహిళలకు, గర్భిణులకు కలిపి కేటాయించి ఉంటాయి. కానీ చాలామంది తెలియక దీన్ని పోగొట్టుకుంటారు. ఈ కోటా ఒక్కరో, ఇద్దరో ప్రయాణిస్తుంటేనే వర్తిస్తుంది. అవ్వ, తాత, కొడుకు, కోడలు, మనవడు అందరికీ కలిపి ఒకే టికెట్ తీస్తే కోటా పనిచేయదు. ఇద్దరు పెద్దలకు వేరే టికెట్, మిగతావారికి వేరే టికెట్ తీయండి. బుక్ చేసేటప్పుడు కోటా దగ్గర లోయర్ బెర్త్ సీనియర్ సిటిజన్ అన్నది ఎంచుకోవాలి. మీసేవలోనో, ఇంటర్నెట్ సెంటర్‌లోనో చేయిస్తుంటే నోరు తెరిచి చెప్పండి. వీల్‌చైర్ కావాలంటే స్టేషన్‌లో ముందుగా అడగాలి. రైల్వే సమాచారానికి 139.

కామారెడ్డి, నిజామాబాద్, బాసర స్టేషన్లు మూడూ అమృత్ భారత్ పథకం జాబితాలో ఉన్నాయి. పనులు పూర్తయితే లిఫ్టులు, ఎస్కలేటర్లు పెద్దలకు ఉపయోగపడతాయి. అప్పటిదాకా రెండో ప్లాట్‌ఫాం రైలైతే వంతెన మెట్లకు పావుగంట ఎక్కువ పెట్టుకోండి.

ప్యాకేజీలు మంచివేనా?

ఆర్టీసీ డిపోలు అరుణాచలం గిరిప్రదక్షిణ లాంటి యాత్రలకు ప్రత్యేక బస్సులు నడుపుతున్నాయి. ఐఆర్‌సీటీసీ భారత్ గౌరవ్ రైళ్లు 2023 మార్చి 18న పూరి–కాశీ–అయోధ్య యాత్రతో సికింద్రాబాద్ నుంచి మొదలయ్యాయి. వీటి లాభం స్పష్టం: బస్సు మారక్కర్లేదు, బస, భోజనం చూసుకుంటారు, తోడు ఉంటుంది. నష్టమూ అంతే స్పష్టం: వేళ మీ చేతిలో ఉండదు. రాత్రంతా ప్రయాణం, తెల్లవారుజామున దర్శనం, మధ్యాహ్నానికి ఇంకో ఊరు. వారం పైన సాగే రైలు యాత్ర 75 ఏళ్ల మనిషికి పుణ్యమైతే కావచ్చు, విశ్రాంతి మాత్రం కాదు. డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఏ రోజైనా మధ్యాహ్నం పడుకోవడానికి వీలుందా?

ఊళ్లో 40 మంది కలిస్తే ఆర్టీసీ బస్సునే అద్దెకు తీసుకోవచ్చు. మహిళా సంఘాలు, భజన మండళ్లు చేస్తున్నదే ఇది. అప్పుడు వేళ మీరే పెట్టుకోవచ్చు, ఇంటి దగ్గరే ఎక్కవచ్చు.

జపాన్ ఏం చేసింది?

జనాభాలో 65 దాటినవారు నాలుగో వంతు కంటే ఎక్కువున్న దేశం జపాన్. అక్కడ వయసు మీద పడ్డాక డ్రైవింగ్ లైసెన్స్‌ను స్వచ్ఛందంగా తిరిగిచ్చే పద్ధతి 1998లో మొదలైంది. తిరిగిచ్చినవారికి చాలాచోట్ల బస్సు, టాక్సీ రాయితీలు ఇస్తారు. అంటే కారు లేని పెద్దమనిషి అక్కడ అరుదు కాదు. ఆయన కోసమే సేవలు తయారయ్యాయి.

మూడు ఉదాహరణలు చాలు. టోక్యో పక్కన ముసాషినో పట్టణం 1995లో మూ బస్ అనే చిన్న బస్సు మొదలుపెట్టింది. మొదలైనప్పుడు చార్జీ 100 యెన్‌లు. పెద్ద బస్సులు పోని సందుల్లోకి పోతుంది. పెద్దలు నడవగలిగే దూరం చూసి సుమారు 200 మీటర్లకో స్టాప్ పెట్టారు. దీన్ని చూసి దేశమంతా ఇలాంటి బస్సులు వచ్చాయి. రెండోది, స్టేషన్లు, బస్సులు, భవనాలు పెద్దలకూ వికలాంగులకూ అడ్డంకి లేకుండా ఉండాలని 2000లో, తర్వాత 2006లో చట్టాలు చేశారు. మూడోది, సామాను. ఇంటి దగ్గర పెట్టె ఇస్తే మర్నాడు బస చేసే చోటికి చేర్చే సేవ 1976 నుంచి ఉంది. ఖాళీ చేతులతో రైలెక్కవచ్చు.

అందుకే అక్కడ పెద్దలకు విశ్రాంతి ఊరు చెప్పమంటే కినోసాకి లాంటి వేడినీటి ఊళ్ల పేర్లు వస్తాయి. రైలు దిగితే ఊరే. కాలవ గట్టు వెంట నడుస్తూ ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి వెళ్లొచ్చు. కొండ ఎక్కే పని లేదు, బస్సు మారే పని లేదు. మన బాసరకూ ఈ లక్షణాల్లో చాలా ఉన్నాయి: స్టేషన్, నది, చదును నేల. లేనిది స్టేషన్ నుంచి ఒడ్డు దాకా వేళకు తిరిగే చిన్న బండి, నీడలో బల్లలు.

జపాన్‌లోనూ అన్నీ బాగాలేవు. జనం తగ్గిన పల్లెల్లో రైలు, బస్సు మార్గాలు మూతపడుతున్నాయి, కారు లేని వృద్ధులు అక్కడా ఇంటికే పరిమితం అవుతున్నారు. నేర్చుకోవాల్సింది ధనిక దేశపు హంగు కాదు, ఆలోచన: పెద్దమనిషి ఎంత దూరం నడవగలడన్నది ముందు కొలిచి, ఆ తర్వాత బస్సు స్టాప్ పెట్టడం.

ఇక్కడ ఏం చేయవచ్చు?

మన ఆర్టీసీకి ప్రత్యేక బస్సులు నడపడం తెలియక కాదు. మేడారానికి, ఏడుపాయల జాతరకు, కార్తీక మాసంలో శైవక్షేత్రాలకు వందల బస్సులు తిప్పుతుంది. అవన్నీ జనం విరగబడే రోజులు. పెద్దలకు కావాల్సింది దానికి తలకిందులు: జాతర రోజు కాదు, మామూలు బుధవారం. వారంలో ఒకటి రెండు రోజులు పిట్లం, బాన్సువాడల నుంచి నిజాంసాగర్‌కో, బాసరకో ఎక్కడా మారకుండా పోయి చీకటి పడకముందే తిరిగొచ్చే ఒక్క బస్సు చాలు. రద్దీ లేని వేళల్లో నడిచే బస్సు కాబట్టి డిపో మీద భారమూ తక్కువే.

రెండోది ఇంకా చవక. బస్టాండ్‌లో పెద్ద అక్షరాలతో తెలుగులో బస్సుల వేళల పట్టిక, శుభ్రమైన మరుగుదొడ్డి, వీపు ఆన్చుకునే బల్లలు. మూడోది, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కనీసం ముందు నాలుగు సీట్లు 65 దాటినవారికి బయల్దేరే చోట కండక్టర్ కేటాయించే పద్ధతి. ఉచితంతో పాటు సీటూ ఇస్తేనే అవ్వకు మహాలక్ష్మి పూర్తిగా అందినట్టు.

అడిగే దారులున్నాయి. డిపో మేనేజర్లు డయల్ యువర్ డీఎం పేరుతో ఫోన్‌లో ప్రయాణికుల మాటలు వింటారు. తేదీ, నంబరు పత్రికల జిల్లా పేజీల్లో ముందుగా వస్తాయి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ఒక్కరు చెప్పేకంటే పదిమంది సంతకాలతో, ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసిన అర్జీకి బలం ఎక్కువ. బస్సు కావాలి అని రాస్తే కాగితం ఫైలులో ఉంటుంది. బుధవారం పదిన్నరకు పిట్లం నుంచి, మూడున్నరకు తిరిగి అని రాస్తే దానికి అవుననో కాదనో జవాబు చెప్పాల్సి వస్తుంది.

బయల్దేరేముందు

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా ఈ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ రోజుల్లో ప్రయాణాలు పెట్టుకోవద్దు. అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం, తెల్లవారుజాము చలికి శాలువా ఉంచుకోండి. రెండు రోజుల ప్రయాణమైతే నాలుగు రోజుల మందులు, డాక్టరు చీటీ వెంట ఉండాలి. ఆధార్ అసలు కార్డు దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే ఫొటో పనికిరాదు. సంచి ఒక్కటే, భుజానికి తగిలించుకునేది, ఒక చెయ్యి ఎప్పుడూ బస్సు కడ్డీ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. ఇంటి ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో, కొంగులో ఉంచండి. పెద్దలకు సాయం కోసం 14567 ఎల్డర్ లైన్, ఆరోగ్యం చెడితే 108.

మొదటిసారే కాశీకి వెళ్లక్కర్లేదు. మొదట నిజాంసాగర్ కట్ట, అది బాగుంటే మెదక్, ఆపైన ఒక రాత్రి బాసర. ఎంత దూరం పోగలమో, ఎక్కడ అలసిపోతామో ఈ చిన్న ప్రయాణాలే చెబుతాయి. పిల్లలు చేయగలిగిందీ ఒకటుంది. కారు పంపలేకపోతే ఫర్వాలేదు. బస్సు వేళలు కనుక్కుని, సీటు ఉన్న బస్సుకు టికెట్ కొని పెట్టండి. కింది బెర్త్ దొరికేలా టికెట్ వేరుగా తీయండి. పెద్దల ప్రయాణం సగం అక్కడే సుఖమవుతుంది.